లాక్‌డౌన్‌లో కుక్కపిల్లా – ఎదురింటి మామ్మగారూ

కుక్కని పెంచేది ఒక ఇంటివాళ్లయినా దాని అరుపులు వినేదీ, అది మెట్లమీద చేసిన నిర్వాకం చూసి ముక్కు మూసుకునేదీ ఇరుగుపొరుగు వాళ్లు కూడానండి. మా దర్శిలాంటి ఊళ్లలో ఈ బాధ అంతగా తెలియదు. గొడ్లచావిడి దగ్గరో, మిరప కల్లం దగ్గరో అది కాపలా పడి ఉంటుంది, ఇంత సంగటో పెరుగన్నమో పెడితే తింటుంది. పట్నంలో అలా కాదు. గుమ్మానికి ఎదురుగా గుమ్మం, అందరికీ ఒకటే లిఫ్టు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ తేడా బాగా బయటపడింది.

మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ముందు 21 రోజులే అన్నారు, పొడిగిస్తూ పొడిగిస్తూ మే 31 దాకా తెచ్చారు. ఆ రోజుల్లో జబ్బు కంటే ముందు పుకార్లు వచ్చాయి. కోడిమాంసం తింటే కరోనా వస్తుందని ఎవరో పుట్టించారు, కోళ్లఫారాల వాళ్లు నిలువునా మునిగిపోయారు. హైదరాబాదులో మంత్రులే వేదిక మీద కోడికూర తిని చూపించాల్సి వచ్చింది, గుర్తుందా? ఆ తర్వాత వంతు కుక్కలదీ పిల్లులదీ. హాంకాంగులో ఒక ముసలి పొమరేనియన్ కుక్కకి పరీక్షలో కాస్త వైరస్ కనిపించిందన్న వార్త మన సెల్‌ఫోన్లలోకి వచ్చేసరికి ‘కుక్కలవల్ల కరోనా’ అయి కూర్చుంది. ఆ కుక్కకి అంటుకున్నది దాని యజమానురాలి నుంచి అన్న ముక్క మాత్రం ఎవరూ పంపలేదు!

దాంతో ఏళ్ల తరబడి పెంచుకున్న కుక్కల్ని రాత్రికి రాత్రి వీధుల్లో వదిలేసిన వాళ్లున్నారు. పెంపుడు జంతువులవల్ల ఈ జబ్బు వ్యాపిస్తోందనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వాటిని వదిలెయ్యొద్దని, వీధి జంతువులకి తిండి పెట్టేవాళ్లని ఆపొద్దని భారత జంతు సంక్షేమ మండలి రాష్ట్రాలకి రాసింది. పశువైద్యశాలలకీ, దాణా దుకాణాలకీ లాక్‌డౌన్‌లో మినహాయింపు కూడా ఇచ్చారు. అసలు పెంచుకున్న జంతువుని ఆకలికీ దప్పికకీ గురయ్యేలా వదిలెయ్యడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. కాకపోతే ఆ చట్టంలో రాసిన జరిమానా మొదటిసారికి 50 రూపాయలు దాటదు. ఇక భయం ఎవరికుంటుంది చెప్పండి?

మా అక్క కూతురు హైదరాబాదులో ఒక అపార్టుమెంటు అయిదో అంతస్తులో ఉంటుంది. దానికో లాబ్రడార్ కుక్క. ఎదురు ఫ్లాటులో రిటైరయిన దంపతులు, ఆవిడకి షుగరు, ఆయనకి ఉబ్బసం. లాక్‌డౌన్ మొదలైన నాలుగో రోజున మామ్మగారు గుమ్మంలోంచే, “అమ్మాయ్, నీకు దణ్ణం పెడతాను, దాన్ని ఎక్కడికన్నా పంపించెయ్యమ్మా. ఆయనకి ఏమన్నా అయితే నేనేం చెయ్యను?” అని ఏడ్చినంత పని చేశారట. మర్నాడు అసోసియేషన్ వాళ్లు కుక్కని లిఫ్టులో ఎక్కించొద్దని కాగితం అంటించారు. పంపడానికి బస్సులేవి? తీసుకునేవాళ్లేరి? మా పిల్ల కోపంతో ఊగిపోతూ నాకు ఫోను చేసింది.

నాకైతే మామ్మగారి మీద కోపం రాలేదండి. ఉబ్బసం మనిషిని ఇంట్లో పెట్టుకున్న ఇల్లాలికి ఆ రోజుల్లో నిద్ర పట్టిందా? కానీ అసోసియేషన్ వాళ్లు చేసింది మాత్రం తప్పే. అపార్టుమెంటులో కుక్కల్ని పెంచొద్దని గానీ, లిఫ్టు ఎక్కించొద్దని గానీ ఆంక్ష పెట్టకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పక్కవాళ్లకి ఇబ్బంది లేకుండా చూసుకోవాల్సిన బాధ్యత పెంచేవాళ్లదని కూడా అందులో ఉంది. చాలామంది మొదటి ముక్క చదివి రెండోది వదిలేస్తారు. చివరికి మా పిల్ల కాగితం మీద పోట్లాట మానేసి, మామ్మగారితో వేళలు మాట్లాడుకుంది. పొద్దున్న అయిదున్నరకి, రాత్రి ఎనిమిది దాటాక, మెట్లమీదుగా, గొలుసు పొట్టిగా పట్టుకుని తీసుకెళ్లడం. రాగానే గుమ్మం ముందు సబ్బునీళ్లతో తుడవడం. కాగితం దానంతటదే ఊడిపోయింది.

ఆ సమయంలో కొందరు కుక్కల ఒంటికి శానిటైజర్ పూశారు, బ్లీచింగ్ నీళ్లు చల్లారు. అవి నాకితే కడుపులోకి పోయి ప్రమాదం. బయటినుంచి వస్తే కాళ్లు మామూలు నీళ్లతో, కుక్కల షాంపూతో కడిగి తుడిస్తే చాలు.

వీధికుక్కల పాట్లు మా ఊళ్లోనూ చూశాను. హోటళ్లు, టిఫిను బండ్లు, కల్యాణ మంటపాలు మూతపడితే వాటికి ఎంగిలాకు కూడా లేదు. గుంటూరు మిర్చి యార్డు మూసేసి రైతులే తల పట్టుక్కూర్చున్న రోజులవి, కుక్కల్ని ఎవరు తలుచుకుంటారు? అయినా మా వీధిలో నలుగురు ఆడవాళ్లం వంతులు వేసుకున్నాం. మన కూరలు పెట్టొద్దు, కారానికి వాటి కడుపులు చెడతాయి. ఉల్లి, వెల్లుల్లి వాటికి విషమే. రెండు గ్లాసుల నూకలకి ఎనిమిది గ్లాసుల నీళ్లు పోసి, చిటికెడు పసుపు వేసి మెత్తగా జావలా ఉడికించి, చల్లారాక గుడ్డు చిదిమి కలిపితే నాలుగైదు కుక్కలకి సరిపోతుంది. ఉడికిన కోడి ఎముకలు వెయ్యకండి, చీలి గొంతులో గుచ్చుకుంటాయి. ఇళ్ల గేట్ల ముందు పెడితే పిల్లలున్న వాళ్లు గొడవపడతారు, అది న్యాయమే. మేము వీధి చివర గోడవార పెట్టాం, తిన్నాక విస్తళ్లు తీసేశాం. ఇప్పుడయితే ఎక్కడబడితే అక్కడ కాదు, మునిసిపాలిటీ చూపించిన చోటే పెట్టాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ లాక్‌డౌన్‌లోనే, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాసు లీకయింది. వెంకటాపురం జనం కట్టుబట్టలతో పరుగెత్తారు. మనుషులే పన్నెండుమంది పోయారు. కట్టుతాళ్లతో ఉన్న ఆవులూ, గేదెలూ, కుక్కలూ ఉన్నచోటే కూలిపోయాయి. ఆ ఫోటోలు చూశాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

2021లో రెండోసారి కరోనా విరుచుకుపడింది. మేలో హైదరాబాదు జూలో ఎనిమిది సింహాలకి సోకిందని సీసీఎంబీ తేల్చింది. జబ్బు వచ్చినవాళ్లు పెంపుడు జంతువుల దగ్గరికి పోకుండా, వేరేవాళ్లకి అప్పగించాలని డాక్టర్లు చెప్పారు. అంతకు ముందు నెలలోనే మా పిల్లకీ అల్లుడికీ పాజిటివ్. తలుపు వేసుకుని పడుకున్నారు. కుక్కని బయటికి తిప్పేదెవరు? ఎదురింటి మామ్మగారే ఫోను చేసి, “కుక్క సంగతేమిటే?” అని అడిగారట. గొలుసు సబ్బుతో కడిగించి, ఇంటర్ చదివే మనవణ్ణి మాస్కు పెట్టించి పంపారు. పదిహేను రోజులు ఆ అబ్బాయే తిప్పాడు. మామ్మగారు మాత్రం ఇవాళ్టికీ దాన్ని ముట్టుకోరు. ముట్టుకోవాల్సిన అవసరం ఏముంది లెండి!

కుక్కో పిల్లో ఉన్నవాళ్లు, మీకు ఒంట్లో బాగాలేకపోతే దాన్ని ఎవరు చూస్తారో ముందే ఆ ఇంటి ఇల్లాలిని అడిగి పెట్టుకోండి. టీకాల చీటీ, గొలుసు, గిన్నె, పశువుల డాక్టరు ఫోన్ నంబరు, పూటకి ఎంత పెట్టాలో రాసిన కాగితం ఒకే సంచిలో వేసి తలుపు వెనక మేకుకి తగిలించండి. రేబిస్ టీకా ఏడాదికొకసారి వేయించి, తారీఖు ఆ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి. పక్కింటివాళ్లు మొదట అడిగేది అదే.