ఉమ్మడి ప్రశ్నపత్రం – ఉపాధ్యాయుని విచక్షణ: పాఠశాల తెలుగు మూల్యాంకనంపై ఒక పరిశీలన

పరీక్షల సమన్వయం, ఉపాధ్యాయుల వృత్తిపరమైన ఎదుగుదల పాఠశాల విద్యా పాలనలో రెండు వేర్వేరు వ్యవహారాలుగా కనిపిస్తాయి. మొదటిది కాలపట్టికలు, ప్రశ్నపత్రాలు, మార్కుల నమోదు చుట్టూ తిరుగుతుంది. రెండవది వృత్త్యంతర శిక్షణ తరగతులకు పరిమితమవుతుంది. ఈ రెండూ నిజంగా కలిసే చోటు దిద్దిన జవాబుపత్రం. భాషాబోధనలో ఈ సంగతి మరింత స్పష్టంగా తెలుస్తుంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులో నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని పేర్కొంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం తరువాత పాఠ్యపుస్తకాలతో పాటు మూల్యాంకన విధానమూ మారింది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘుపరీక్ష అనే నాలుగు సాధనాలు ప్రవేశించాయి. సంగ్రహణాత్మక మూల్యాంకనానికి ఉమ్మడి ప్రశ్నపత్రాలు వాడుకలోకి వచ్చాయి.

ఉమ్మడి ప్రశ్నపత్రం వల్ల ప్రశ్నల స్థాయిలో సమానత్వం ఏర్పడుతుంది. అయితే దిద్దుబాటులో సమానత్వం దానంతటది రాదు. ‘మీ ఇంట్లోని పెద్దవారి దినచర్య రాయండి’ అన్న ప్రశ్నకు తెలంగాణ గ్రామానికి చెందిన ఏడవ తరగతి విద్యార్థిని ‘మా తాత పొద్దుగాల్నే చేనుకు పోయిండు’ అని రాసిందనుకుందాం. జవాబు సూచిక ‘దోషరహితమైన భాష’కు ఒక మార్కు కేటాయించి ఊరుకుంటే, ఒక ఉపాధ్యాయుడు ఆ మార్కు తీసివేస్తాడు. మరొకరు ఆ వాక్యంలోని సహజత్వానికి పూర్తి మార్కులు వేస్తారు. ఇద్దరూ సూచికను పాటించినవారే. అంటే ‘దోషం’ అన్న మాటకు అర్థాన్ని సూచిక చెప్పలేదు, దిద్దేవారు చెప్పుకున్నారు. ఆ విద్యార్థిని మాత్రం తన ఇంటి భాష తప్పో ఒప్పో తెలియక మిగిలిపోతుంది. మాండలికం, ప్రమాణభాష గురించి విశ్వవిద్యాలయాలలో దశాబ్దాలుగా సాగిన చర్చ ఈ ఒక్క మార్కు దగ్గరికి ఎంతవరకు చేరిందన్నది ఆలోచించవలసిన విషయం.

వర్ణక్రమ దోషాల సంగతి ఇంకొక రకం. ‘అర్థం’ అని రాయవలసిన చోట ‘అర్ధం’ అని రాయడం జవాబుపత్రాలలో సర్వసాధారణం. ఎర్రసిరా సున్నా చుట్టి వదిలేస్తే దాని కారణం తెలియదు. పుస్తకం చూసి రాసేటప్పుడు కూడా విద్యార్థి ఇలాగే రాస్తే థ, ధ రూపాల మధ్య తేడా కంటికి అందలేదని ఊహించవచ్చు. చూచిరాతలో సరిగా రాసి, చెప్పి రాయించినప్పుడు తప్పితే లోపం వినికిడిలోనో ఉచ్చారణలోనో ఉండవచ్చు. ఉపాధ్యాయుడే ‘అర్ధం’ అని పలికే అవకాశాన్నీ కొట్టివేయలేం. తప్పు ఒకటే అయినా చికిత్సలు వేరు. మార్కుల పట్టికలో ఈ తేడా కనబడదు.

ఇటువంటి పరిశీలనకు తగిన వేదిక ఇప్పటికే ఉంది. కొఠారి కమిషన్ (1964–66) సిఫారసు చేసిన పాఠశాల సముదాయాల భావన సమీప పాఠశాలల ఉపాధ్యాయులను ఒకచోట చేర్చడానికే ఉద్దేశించినది. ఆ సమావేశాలలో విద్యార్థుల పేర్లు తొలగించిన నాలుగైదు జవాబుపత్రాల నకళ్లను అందరికీ ఇచ్చి, ఎవరికి వారు విడిగా దిద్ది, ఆ తరువాత మార్కులను పక్కపక్కన పెట్టుకుంటే చాలు. పదికి నాలుగు వేసినవారు, ఎనిమిది వేసినవారు తమ కారణాలు చెప్పుకోవడంలోనే శిక్షణ మొదలవుతుంది. దీనికి ప్రత్యేక నిధులు అక్కరలేదు, రెండు గంటల తీరిక కావాలి. జాతీయ విద్యావిధానం 2020 ఉపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల వృత్తిపర అభివృద్ధిని ఆశించింది. ఉపన్యాసం విన్న గంటల కంటే ఇలా దిద్ది చర్చించిన గంటలకే అందులో ముందుగా చోటు దక్కాలి.

అయితే ఒక షరతు ఉంది. జవాబుపత్రాలే ఉపాధ్యాయుని పనితీరుకు కొలబద్ద అయితే, బలహీనమైన పత్రాన్ని ఎవరూ బల్లమీద పెట్టరు. మంచి పత్రాలే ఎంపికై వస్తాయి, చర్చ పొగడ్తగా ముగుస్తుంది. కనుక సముదాయ సమావేశానికి తెచ్చిన పత్రాలను తనిఖీ నుండి వేరుచేయాలి, అక్కడి చర్చను ఏ నివేదికకూ ఎక్కించకూడదు. పై అధికారులకు చేరవలసినవి మార్కులు మాత్రమే. తప్పుల వివరాలు ఆ తరగతికి పాఠం చెప్పేవారి దగ్గరే ఉండాలి.