దృష్టిదానము, దృష్టివంచన

సర్వేంద్రియములలో నయనము ప్రధానమని పెద్దలు చెప్పిరి. అంతటి యింద్రియమును గూర్చి మన పల్లెలయందు రెండు భ్రమలు ప్రబలియున్నవి. బాగుపడునది బాగుపడదని కూర్చుండుట యొకటి. బాగుపడనిది బాగుపడునని పరుగెత్తుట రెండవది. మొదటిది నిరాశ, రెండవది దురాశ. నల్లగొండ, మహబూబునగరు మెట్టసీమలలో చూపు తగ్గిన వృద్ధుడు "వయసు మీరినది, ఇక నింతే" యని అరుగుపై జేరబడును. అతని మనుమడు కళ్ళజోడు విసర్జించి మందుచుక్కలకై ప్రకటనలను వెదకును. ఈ రెంటివలనను నష్టపడునది కన్నే.

నిరాశకు తావులేదని లెక్కలే చెప్పుచున్నవి. 1987వ సంవత్సరమున డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదున స్థాపించిన ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్యసంస్థవారు 1996 మొదలు 2000 వఱకు హైదరాబాదు నగరమునందును, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాలయందును 10,293 మంది కన్నులను పరీక్షించిరి. నూటికి 1.84 మంది అంధులని తేలినది. ఆ యంధత్వములో నూటికి 44 పాళ్ళు శుక్లమువలనను, 16.3 పాళ్ళు కేవలము సరియైన అద్దములు లేకపోవుటవలనను గలిగినవే. అనగా ప్రతి యైదుగురు అంధులలో మువ్వురు స్వల్పమైన శస్త్రచికిత్సతోగాని, ఒక జత కళ్ళజోడుతోగాని లోకమును తిరిగి చూడగలవారే. వీరిని అంధులను చేసినది విధి కాదు, మన యుపేక్ష.

శుక్లమునకు శస్త్రచికిత్స మనకు క్రొత్త కాదు. సుశ్రుతసంహితయందే దాని ప్రస్తావన కలదు. అయితే నాటి పద్ధతి మసకబారిన కటకమును సూదితో ప్రక్కకు త్రోయుట మాత్రమే. 1949వ సంవత్సరమున లండనులో హెరాల్డు రిడ్లే యనువాడు కృత్రిమ కటకమును కంటిలో నమర్చుటతో యుగము మారినది. నేడు మసకబారిన కటకమును తీసి క్రొత్తదానిని నిలుపుట కొద్ది నిమిషముల పని. మన పూర్వుల కీర్తిని చెప్పుకొని, నేటి వైద్యుని విడిచి ఊరిబయట సూది పట్టువాని నాశ్రయించుట సుశ్రుతుని గౌరవించుట కానేరదు.

ఇక దురాశ మాట. కన్నులకు వ్యాయామము చేయించి కళ్ళజోళ్ళను పారవేయింతుమను వాదము శతాబ్దము క్రిందటిది. అమెరికాలో విలియం బేట్సు అను నేత్రవైద్యుడు 1920లో దీనిపై గ్రంథము వ్రాసెను. ఆల్డసు హక్స్‌లీ 1942లో దానికి తన కలముతో ప్రతిష్ఠ సంపాదించెను. కాని హ్రస్వదృష్టి కలుగుట సాధారణముగా కనుగ్రుడ్డు పొడవు పెరుగుటవలన. పొడవు పెరిగిన కనుగ్రుడ్డు కన్నులు త్రిప్పినంత మాత్రమున పొట్టికాదు. అద్దములు ధరించినచో చూపు మఱింత చెడుననుటయు నిరాధారమే. వలసినదానికంటె తక్కువ శక్తిగల అద్దము లిచ్చిన పిల్లలలో దోషము త్వరగా పెరిగినదని 2002లో ప్రకటితమైన మలేసియా పరిశోధన తెలిపినది. సూర్యుని వంక చూచుట చికిత్స యనువారు కంటిపొరను కాల్చుకొనుట నేర్పుచున్నారు.

మొన్న 2024లో చత్వారమునకు కంటిచుక్కల మందొకటి కేంద్ర ఔషధ నియంత్రణాధికారి యనుమతి పొందినది. కనుపాపను కొంతసేపు కుదించి దగ్గరి చూపునకు తోడ్పడుట దాని పని. ఇక కళ్ళజోడే అక్కరలేదను ప్రచారము చెలరేగగా, అనుమతి లేని గొప్పలు చెప్పినారని సెప్టెంబరులో ఆ యనుమతిని నిలిపివేసిరి. అంధత్వమును, శుక్లమును, నీటికాసులను నయముచేయుదుమని మందులను ప్రకటించుటను 1954 నాటి చట్టమే నిషేధించినది. చట్టము కలదు, దానిని చదివి ఫిర్యాదు చేయువారే కఱవు.

అన్ని పాతమాటలు బూటకములని మేము చెప్పుట లేదు. రేచీకటికి ఆకుకూర మేలన్న మన యవ్వల మాట సత్యము. ఏ విటమిను లోపమువలన రేచీకటి పుట్టును గనుక 1970 నుండి దేశమున పసిబిడ్డలకు ఆ విటమిను నిచ్చుచున్నారు. కాని అదే ఆకును నూరి పసరుగా కంటిలో పిండుట ఘోరము. కోతలలో వడ్లగింజయో గరిక కొసయో తగిలి నల్లగ్రుడ్డు చిట్లినప్పుడు పసరు, చనుబాలు పోయగా చీము పట్టి, గాయముతో పోవలసినది చూపుతోనే పోవుచున్నది. ఆకు కడుపునకు మందు; కంటికి విషము.

ఎంత చేసినను చూపు రానివారు కొందఱుందురు. వారికి బూటకపు ఆశ యిచ్చుట దయ కాదు. ధనమును, సంవత్సరములను దోచుకొనుట. వారికి కావలసినది చదువు, పని, గౌరవము. మచిలీపట్టణ ప్రాంతమున పుట్టుగ్రుడ్డిగా జన్మించిన బొల్లా శ్రీకాంతుగారు పదునొకండవ తరగతిలో విజ్ఞానశాస్త్రము చదువుటకే న్యాయస్థానము నాశ్రయింపవలసి వచ్చినది. ఆ పిమ్మట అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పట్టము పొంది, హైదరాబాదున పరిశ్రమ స్థాపించి వికలాంగులకు జీవనోపాధి చూపెను. ఆయనకు అడ్డుపడినది కన్ను కాదు, కన్నున్నవారి తలపు. "గ్రుడ్డికన్ను మూసిననేమి, తెఱచిననేమి" యను సామెత మన నోట నుండ, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో అంధులకును మందదృష్టిగలవారికిని కలిపి నూటి కొకటి ప్రత్యేకించినది. చట్టము నడచినంత దూరము మన మనస్సు నడువలేదు.

ప్రభుత్వము చేయలేదని యనజాలము. 2018 ఆగస్టు 15న మెదకు జిల్లా మల్కాపురమున 'కంటి వెలుగు' ఆరంభమై కోటిన్నరకు పైగా జనుల కన్నులను పరీక్షించినది. 2023 జనవరి 18న ఖమ్మమున రెండవ విడత మొదలైనది. కాని శిబిరము వచ్చిపోవును, శుక్లము రాకపోకలు లేక ముదురును. నాగరుకర్నూలు చెంత తూడుకుర్తిలో వెలసినట్టి నిలుకడగల ఆసుపత్రియే పల్లెకు దిక్కు. పాఠకులలో భూస్వాములు గలరు. తమ పొలమున పనిచేయు వృద్ధ కూలీని ఒకనాడు బండిపై ఆసుపత్రికి చేర్చుట వారికి భారమా? పట్టణవాసులు గలరు, తమ వీధి బడిలో నల్లబల్ల కనబడక వెనుకబడిన పిల్లవానికి కళ్ళజోడు కొనిపెట్టుట కష్టమా? చూపు రాగలవానికి చూపును, రాజాలనివానికి దారిని జూపినచో అదియే దృష్టిదానము. తక్కిన అద్భుతముల వైపు కన్నెత్తి చూడకుండుటయే క్షేమము.