పోలీసులు ఆపితే... మన హక్కులేమిటి?



'స్టేషన్ మెట్లు, కోర్టు మెట్లు ఎక్కొద్దురా' అని మన అమ్మానాన్నలు చెప్పి పంపుతారు. అది వాళ్ల అనుభవంలోంచి వచ్చిన మాట. కానీ మనం పోకపోయినా పోలీసులు మనకు ఎదురుపడతారు. సెకండ్ షో చూసి వస్తున్నా, తెల్లవారుజామున ఊరి బస్సు దిగి సంచి భుజానేసుకుని నడిచొస్తున్నా ఆపుతారు. 'ఎవర్రా? ఎక్కడికి?' అంటారు. 'హాస్టల్‌కు సార్' అంటే 'ఏ హాస్టల్?' అన్నది రెండో ప్రశ్న. ఆ రెండో ప్రశ్నలో ఏముందో మనకు తెలుసు.

2020 జూలైలో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీయించారు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌కు దొంగతనం అనుమానంతో తీసుకెళ్లిన ఒక దళిత మహిళ ప్రాణాలతో తిరిగి రాలేదు. మొదటి ఘటనలో ఎస్సై అరెస్టయ్యాడు. రెండో ఘటనలో ఒక ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగం నుంచి తొలగించారు. చట్టం ఉంది, గట్టిగా పట్టుకుంటే పనిచేస్తుంది అనడానికి కూడా ఇవే ఉదాహరణలు. అందుకే ఆ చట్టం ఏమిటో మనకు తెలిసుండాలి.

2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. కింద చెప్పిన సెక్షన్లలో వేరే చట్టం పేరు లేనివన్నీ దానివే.

ఆపి అడగడం వేరు, అరెస్టు వేరు

రోడ్డు మీద ఆపి పేరు, ఊరు అడిగితే చెప్పండి. ఐడీ కార్డు ఉంటే చూపించండి. దాంట్లో తగ్గిపోయేదేమీ లేదు. బండి మీద ఉంటే, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగినప్పుడు లైసెన్సు చూపించాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతోంది. డిజీలాకర్‌లో ఉన్నదీ చెల్లుతుంది.

అంతకు మించి పోతుంటే ఒక్క ప్రశ్న మర్యాదగా అడగండి: 'సార్, నన్ను అరెస్టు చేస్తున్నారా? నేను వెళ్లొచ్చా?' అరెస్టు అంటే కారణం చెప్పాలి. కాదంటే ఆపి ఉంచడానికి చట్టంలో ఆధారం చూపాలి.

స్టేషన్‌కు రమ్మంటే

సాక్షిగా పిలవాలంటే దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి (సెక్షన్ 179). 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు దాటిన మగవారిని, ఏ వయసు ఆడవారినైనా, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని స్టేషన్‌కు పిలవకూడదు. వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి. మన అమ్మలకు, తాతలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

మీ మీదే అనుమానం ఉండి, అరెస్టు అవసరం లేని కేసైతే సెక్షన్ 35(3) కింద నోటీసు ఇస్తారు. దాని ప్రకారం హాజరైతే, కారణం రాసుకోకుండా అరెస్టు చేయకూడదు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు చూపాలని అర్నేష్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నోటీసు వస్తే తప్పించుకు తిరగొద్దు. వకీలుతో మాట్లాడి హాజరవండి.

తెల్లకాగితం మీద సంతకం

పోలీసులు అడిగినదానికి నిజమే చెప్పాలి. అయితే మనల్ని నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు. రాజ్యాంగం 20(3) అధికరణం ఇచ్చిన హక్కు అది. పోలీసుల విచారణలో మనం చెప్పింది వాళ్లు రాసుకోవచ్చు గానీ దాని మీద మన సంతకం తీసుకోకూడదు (సెక్షన్ 181). పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా నిలవదు.

మా పీజీ హాస్టల్ జూనియర్ ఒకణ్ని రైల్వే స్టేషన్ నుంచి వస్తుంటే ఆపి, రాత్రి రెండు దాకా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎక్కడో సెల్‌ఫోన్ పోయిందట. తెల్లకాగితం ఇచ్చి సంతకం పెట్టి వెళ్లమన్నారు. వాడు పెట్టలేదు. వార్డెన్ గారు, మేం ముగ్గురం వెళ్లి 'ఏ కేసు సార్? నోటీసు ఉందా?' అని అడిగాం. కేసూ లేదు, నోటీసూ లేదు. పంపించేశారు. ఆ రాత్రి భయపడి సంతకం పెట్టి ఉంటే ఆ కాగితం మీద తర్వాత ఏం రాసుకునేవారో!

మనకిది ఇంకో రకంగానూ ముఖ్యం. కానిస్టేబుల్ ఉద్యోగమైనా, గ్రూప్స్ ఉద్యోగమైనా చేరేముందు అటెస్టేషన్ ఫారం నింపాలి. కేసులుంటే అందులో రాయాలి. దాచి, తర్వాత బయటపడితే ఉద్యోగమే పోవచ్చు. ఇంట్లో మొదటి ఉద్యోగం కోసం చదువుతున్నవాళ్లం. తప్పుడు కేసు మనకు మోయలేని బరువు.

అరెస్టు చేస్తే

పోలీసు పేరు కనబడేలా బ్యాడ్జి ఉండాలి. అరెస్టు మెమో రాయాలి. దాని మీద కుటుంబసభ్యుడో, స్థానిక పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. మీరూ చేయాలి, చదివాకే చేయండి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు పెట్టిన ఈ నియమాలు ఇప్పుడు 36వ సెక్షన్‌లో ఉన్నాయి.

అరెస్టుకు కారణం చెప్పాలి (47). ఇంట్లోవాళ్లకో, మీరు చెప్పిన స్నేహితుడికో తెలియజేయాలి (48). విచారణ సమయంలో వకీలును కలవనివ్వాలి (38). వైద్య పరీక్ష చేయించాలి (53). దెబ్బలుంటే డాక్టరుకు చూపించి రాయించుకోండి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి (58). రాజ్యాంగం 22వ అధికరణం చెప్పేదీ ఇదే. కొట్టి ఉంటే మెజిస్ట్రేట్‌కు అక్కడే చెప్పండి. 'బయటికొచ్చాక చూద్దాం' అనుకోవద్దు.

18 ఏళ్లు నిండనివారు, ఆడపిల్లలు

మన హాస్టల్‌లో సగం మందికి 18 నిండలేదు. అలాంటివారిని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదని బాలల న్యాయ చట్టం, 2015 చెబుతోంది. తల్లిదండ్రులకు కబురు చేయాలి. 24 గంటల్లోపు బాలల న్యాయ మండలి ముందుకు తీసుకెళ్లాలి. వయసుకు టెన్త్ మెమో మంచి రుజువు. దాని ఫొటో ఫోన్‌లో, జిరాక్సు ట్రంకుపెట్టెలో ఉంచుకోండి.

సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి మెజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి (43). స్త్రీని సోదా చేయాల్సి వస్తే స్త్రీయే చేయాలి.

హక్కు కాలరాస్తే ఎక్కడికి పోవాలి?

జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఫోన్ నంబరు 15100. పిల్లల కోసం 1098.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, తర్వాత మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లండి (173). కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆ కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి, రికార్డు కనీసం ఏడాది ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అందుకే తేదీ, సమయం, పోలీసు పేరు వెంటనే రాసి పెట్టుకోండి.

గుర్తుంచుకోండి

పరుగెత్తొద్దు. చెయ్యి ఎత్తొద్దు. నోరు జారొద్దు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. వార్డెన్ గారి నంబరు, ఒక సీనియర్ నంబరు నోటికి వచ్చి ఉండాలి, ఎందుకంటే ఫోన్ మన చేతిలో ఉండకపోవచ్చు. ఒక్కడినే తీసుకెళ్తే కనీసం ఇద్దరు వెనకాల వెళ్లండి.

చివరగా ఒక మాట. ఈ హాస్టల్లో ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. రేపు మీలో కొందరు ఖాకీ వేసుకుంటారు. రాత్రి పదకొండింటికి భుజాన సంచితో నడిచొచ్చే కుర్రాడు మీకూ ఎదురుపడతాడు. అప్పుడు వాణ్ని పేరు పెట్టి పిలిచి, 'జాగ్రత్తగా వెళ్లు తమ్ముడూ' అని పంపించండి.