కోళ్ల జాడ్యము - పచ్చిమాంసము

వరంగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేయువారి యిండ్ల ఆదివారపు కోడికూర వింత కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలందు కోళ్లు బర్డ్ ఫ్లూచే చచ్చినపుడు, ఆ కూరయే విషమని పెక్కురు భీతిల్లిరి.

మార్చి 16వ తేదీన నరసరావుపేటకు చెందిన రెండేండ్ల బాలిక యీ జాడ్యముచే మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించెను. మాంసము కోయునపుడు చేతికిచ్చిన పచ్చిముక్కను ఆ బిడ్డ తినెనట! ఉడికినది తిన్న యింటివారికి రోగము కానరాలేదు. 70 డిగ్రీల వేడికి నశించు నీ వైరసు పచ్చిమాంసమునందును, రోగపుకోడి రెట్టయందును బ్రతికియుండును. అపాయము విస్తరిలో గాక కత్తిపీటకడ నున్నది.

మనుష్యునినుండి మనుష్యునికి సులభముగ ప్రాకదు గాని, సోకినచో దారుణము. 1997లో హాంకాంగునందు 18 మందికి సోకి ఆర్గురను బలిగొన్నది. పెరటికోళ్లు గుంపుగా చచ్చినచో, చౌకగా అమ్మజూపక, చేత ముట్టక, పశువైద్యునకు దెలుపవలెను.