‘ఆ మనిషి ఎక్కడ?’ - అర్జెంటీనాలో అడిగినవాళ్లు

సైనిక నియంతలకు లాయరంటే ఎందుకంత కక్ష? అతని చేతిలో తుపాకి లేదు. ఉన్నదల్లా ఒక కాగితం. హేబియస్ కార్పస్ అనే ఆ కాగితం అడిగేదీ పెద్ద ప్రశ్నేమీ కాదు: మీరు పట్టుకుపోయిన మనిషి ఎక్కడ, ఏ చట్టం కింద పట్టుకున్నారు?

1976 మార్చి 24న అర్జెంటీనాలో అధికారం చేజిక్కించుకున్న సైనిక ముఠా ఈ ప్రశ్నను నిషేధించలేదు, జవాబు లేకుండా చేసింది. నంబరు లేని కార్లలో వచ్చి మనిషిని ఎత్తుకుపోతారు. ఏ రికార్డులోనూ పేరు రాయరు. కోర్టు అడిగితే పోలీసులూ సైన్యమూ ఒకే మాట - మా దగ్గర లేడు. పిటిషన్ కొట్టివేత. ‘అదృశ్యం’ అన్నది ఉత్త క్రౌర్యం కాదు, కోర్టు పద్ధతులు బాగా ఎరిగి వేసిన ఎత్తు. 1977లో పెరెస్ దె స్మిత్ కేసులో, సైన్యం నియమించిన సుప్రీం కోర్టే ఇది న్యాయ నిరాకరణ అవుతుందని ఒప్పుకోవలసి వచ్చింది. ఒప్పుకున్నంత మాత్రాన ఎవరూ తిరిగి రాలేదు. (మనమూ గర్వించడానికి లేదు. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, మన సుప్రీం కోర్టు ఆ ప్రశ్న అడిగే హక్కే లేదు పొమ్మంది.)

అయినా అడుగుతూనే ఉన్నవాళ్లను ఏం చేయాలి? మార్ దెల్ ప్లాతా నగరం సంగతి చూడండి. 1974 నాటి కార్మిక ఒప్పంద చట్టానికి ప్రధాన రచయిత నోర్బెర్తో సెంతెనో అక్కడి లాయరు. ముఠా వచ్చిన కొద్ది వారాలకే ఆ చట్టంలో కార్మికులకు పనికొచ్చే నిబంధనలు కొన్ని కొట్టేశారు, కొన్ని మార్చేశారు. మరుసటి ఏడు, 1977 జులైలో, చట్టం రాసినవాడి వంతు వచ్చింది. రెండుమూడు రోజుల్లోనే ఆ ఊళ్లో కార్మికుల పక్షాన వాదించే లాయర్లను వరసగా ఎత్తుకుపోయారు. సెంతెనోను చిత్రహింసలు పెట్టి చంపారు. తోమాస్ ఫ్రెస్నేదానూ, గర్భవతి అయిన అతని భార్య మెర్సెదెస్‌నూ మాయం చేశారు. దీనికి ‘టైల రాత్రి’ అని పేరు. మెడలో టై కట్టుకునేవాళ్లను పట్టుకున్న రాత్రి అన్నమాట. హంతకులే పెట్టుకున్న ముద్దుపేరు! మాటలతో పని చేసే మనం ఈ హాస్యాన్ని గుర్తుంచుకోవాలి.

వాళ్లను ఉంచింది వైమానిక స్థావరంలో, భూమి లోపల పాడుబడిన రాడార్ కేంద్రంలో. దాన్ని ‘గుహ’ అనేవారు. అంతకుముందు నెలలో పట్టుబడ్డ లాయరు హోర్హె కాందెలోరో, ఆయన భార్య మార్తా గార్సియా కూడా అక్కడే ఉన్నారు. గోడ అవతల భర్త కేకలు ఆమె విన్నది. ఆయన బతకలేదు.

నవలా రచయిత ఎర్నెస్తో సాబతో అధ్యక్షతన పనిచేసిన కమిషన్ 1984లో ఇచ్చిన నివేదిక, లాయర్ల వేట గురించి విడిగా రాసింది. ఆ మరుసటి ఏడు జనరళ్లను బోనెక్కించినప్పుడు, ‘గుహ’లో ఏం జరిగిందో కోర్టుకు చెప్పినవాళ్లలో మార్తా గార్సియా ఒకరు.