బైర్లూటి బాటలో జీపు

కర్నూలు నుంచి ఆత్మకూరు దాటి దోర్నాల వైపు సాగితే మెట్ట పొలాలు వెనకబడి నల్లమల మొదలవుతుంది. అక్కడే బైర్లూటి. అటవీశాఖ క్యాంపు నుంచి సఫారీ జీపులు అడవిలోకి వెళ్తాయి.

లోయలు చూసి గుండె జారే ఘాట్లు కావివి. ఇక్కడి కొండలు చాలావరకు వెయ్యి మీటర్లు దాటవు. పెద్ద శిఖరాల్లో గుండ్లబ్రహ్మేశ్వరం ఒకటి. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే పాత కాలిబాట కూడా ఈ చుట్టుపక్కలదే. కొండవీటి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలోనే శ్రీశైలం కొండకు మెట్లు కట్టించాడు. ఉగాదికి కన్నడ భక్తులు నేటికీ ఈ అడవిగుండా నడిచి వెళ్తారు.

సులువైన బాటే అయినా పనితనం కావాలి. విరిగిన పలుగురాయి అంచు టైరు పక్కభాగాన్ని చీల్చేస్తుంది. పెద్ద రాయిని రెండు చక్రాల మధ్యకు వదిలితే అది బండి అడుగుకు తగులుతుంది. అందుకే అనుభవమున్న డ్రైవరు ఒక చక్రాన్ని మెల్లగా రాయి మీదికే ఎక్కిస్తాడు. గుంతలో పడ్డప్పుడు స్టీరింగు గిర్రున తిరిగి బొటనవేలు విరగ్గొట్టగలదు కాబట్టి వేళ్లను చక్రం లోపలికి దూర్చడు. దిగుడులో బ్రేకు మీద కాలు నొక్కిపెట్టకుండా మొదటి గేరులో ఇంజను పట్టుమీదే దింపుతాడు. వంక ఇసుకలో మాత్రం మధ్యలో ఆగకూడదు. వాగులో నీటి అడుగు కనబడకపోతే ముందు మనిషి దిగి చూడాల్సిందే.

పక్కన కూర్చునే గైడ్లు ఎక్కువగా చెంచు యువకులు. పులి అడుగుజాడ నిన్నటిదో ఈ ఉదయానిదో మట్టి చూసి చెప్పగలరు. ఈ అడవి ఉన్న నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణం మూడు వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. పులి కోసమే వచ్చినవాళ్లు చాలామంది నిరాశగా వెనుదిరుగుతారు. బాటనూ చెట్లనూ చూడటానికి వచ్చినవాళ్లకు ఆ బాధ లేదు. సొంత బండ్లను సఫారీ బాటల్లోకి రానివ్వరని కొందరు చిన్నబుచ్చుకుంటారు గానీ, ఆ కట్టడి న్యాయమైనదే.

అది ఎందుకు న్యాయమో కడప అడవి చెబుతుంది. 1900 తర్వాత కనబడక, ఇక లేదనుకున్న కలివికోడి 1986లో లంకమల కొండల దాపున మళ్లీ దొరికింది. అది పగలు పొదల మాటున దాగి రాత్రి నేల మీద తిరిగే పిట్ట. దానికి కావాల్సింది పొదల మధ్య ఖాళీ నేల. బండి తిప్పడానికి మనకు అనువుగా తోచేదీ అదే. ఈ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. పైగా ఎర్రచందనం అడవి కాబట్టి, బాట వదిలిన కొత్త బండిని సిబ్బంది వెంటనే ఆపుతారు.