ముందు గోడ ఆరనివ్వండి

నవంబరు నెల వచ్చిందంటే మన క్రైస్తవ కుటుంబాలలో ఒక తొందర మొదలవుతుంది. క్రిస్మసు నాటికి ఇంటికి రంగు వేయించాలి. పిల్లలకు కొత్త బట్టలు ఎలాగో, ఇంటికి కొత్త రంగు అలాగే. అలవాటు మంచిదే. కాని చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో నివసించే మనము ఒక సంగతి మరచిపోతున్నాము. బయటి గోడకు రంగు వేయడానికి ఏడాదిలో అన్నిటికంటె తగని కాలం ఇదే.

మన సీమలో కురిసే వానలో పెద్ద భాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగిన సంగతి, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగిపోతుందోనని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించిన సంగతి మనకు గుర్తే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటక ముందే తిరుపతి జిల్లాను తడిపి వెళ్ళింది. అంతటి వాన లేని సంవత్సరాలలో కూడా ఈ మూడు నెలలు గోడ లోపలి తేమ పూర్తిగా ఆరదు. పైకి పొడిగా కనిపించినంత మాత్రాన లోపల పొడిగా ఉన్నట్టు కాదు.

అటువంటి గోడకు రంగు వేస్తే ఏమవుతుంది? డిసెంబరు 25న ఇల్లు మెరుస్తుంది. ఎండలు ముదిరేసరికి లోపలి నీరు బయటికి రావాలని చూస్తుంది. రంగు పొర దారి ఇవ్వదు. పొర బుడగలుగా లేస్తుంది, ఆపై పెచ్చులుగా రాలుతుంది. గోడలోని ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది. అప్పు చేసి వేయించిన రంగు అప్పు తీరకముందే ఊడిపోతుంది. యెహెజ్కేలు గ్రంథం 13వ అధ్యాయంలో, బలములేని గోడకు పైపూత పూస్తే వాన వచ్చినప్పుడు ఏమవుతుందో ప్రవక్త చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధ ప్రవక్తల గురించే గాని, గోడ సంగతి కూడా ఆయనకు బాగా తెలుసు!

మరి ఎప్పుడు వేయించాలి?

సంక్రాంతి దాటిన తరువాత, జనవరి చివర నుండి మార్చి వరకు మనకు అనుకూలమైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో గోడ పెనములా కాలుతుంది. రంగు గోడకు పట్టకముందే ఆరిపోతుంది. ఎండాకాలంలోనే వేయించవలసి వస్తే ఉదయం పడమటి గోడ, సాయంత్రం తూర్పు గోడ, అనగా నీడ ఉన్న వైపే పని చేయించాలి.

గోడలో తేమ ఉందో లేదో తెలుసుకొనే సులువైన పద్ధతి ఒకటి ఉంది. జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలివేయండి. లోపలి వైపు నీటి చుక్కలు పడితే గోడ ఇంకా ఆరలేదు. ముందు వాన నీరు ఎక్కడినుండి దిగుతోందో చూడాలి. పిట్టగోడ పగులు, మిద్దె మీద నీళ్ళు నిలిచే చోటు, సజ్జ మూల, నీళ్ళ గొట్టం, వీటిని బాగుచేయకుండా రంగు వేయడం దండుగ. కొత్తగా సిమెంటు పూత పూసిన గోడ అయితే కనీసం నాలుగు వారాలు ఆగాలి.

ఏ గోడకు ఏ రంగు?

సున్నము: పాత ఇళ్ళకు, ముఖ్యంగా సున్నంతోనో మట్టితోనో కట్టిన ఇటుక గోడలకు, ఇప్పటికీ మంచిదే. లోపలి తేమ బయటికి పోవడానికి సున్నం దారి ఇస్తుంది. చంద్రగిరిలోని రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నముతోనే కట్టారు. సున్నాన్ని బాగా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, తుమ్మజిగురో గంజో కలిపి వేస్తే చేతికి అంటదు. ఖర్చు తక్కువ. కాని తరచుగా వేయించుకోవాలి.

సిమెంటు రంగు: మనవాళ్ళు స్నోసెమ్ అని పిలిచేది. గోడను ముందు తడపాలి, వేసిన తరువాత కూడా రెండు మూడు రోజులు నీళ్ళు చల్లాలి. కలిపిన రంగును కొద్ది గంటల్లోనే వాడేయాలి. ఉదయం కలిపింది సాయంత్రం పూస్తే గోడకు పట్టదు. ఎమల్షన్ వేసిన గోడ మీద ఇది పనికిరాదు.

ఎమల్షన్: బయటి గోడలకని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. లోపలి గోడలకు వాడే డిస్టెంపరు బయట నిలవదు. ఒక పూత ప్రైమరు, రెండు పూతలు రంగు, ఇది కనీసం. పాత సున్నం పొరల మీద నేరుగా ఎమల్షన్ వేస్తే సున్నంతో సహా ఊడి వస్తుంది. అరచేతితో గోడను రుద్ది చూడండి. పొడి అంటితే గీకించి, కడిగించి, ఆరిన తరువాతే ప్రైమరు వేయించాలి.

ముదురు రంగులు మన ఎండకు త్వరగా వెలుస్తాయి, ఇంటిని వేడెక్కిస్తాయి. లేత రంగులు ఇంటికి చల్లదనం. ఎక్కువ మెరుపు ఉన్న రంగు గోడలోని ఎత్తుపల్లాలను ఎత్తి చూపుతుంది. వానకు ఎర్రమన్ను చిమ్మే ఇళ్ళలో నేల నుండి రెండడుగుల మేర కావి రంగు పట్టీ వేయించుకుంటే మరకలు కనపడవు.

తలుపులు: ఎండ, వాన తగిలే వీధి తలుపుకు లక్కతో చేసే ఫ్రెంచి పాలిష్ వద్దు. నీరు పడితే తెల్లబారుతుంది. టేకు చార కనపడాలనుకుంటే ఉప్పు కాగితంతో రుద్ది, స్టెయిన్ పట్టించి, బయటి వాడకానికి తయారైన పాలీయురేథేన్ పూత వేయించండి. వేప తలుపులకు ఎనామిల్ చాలు. ఇనుప గ్రిల్లుకు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆ తరువాత ఎనామిల్ వేయాలి.

పాత ఎనామిల్ గీకేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచండి. ఆ పొడిలో సీసం ఉండవచ్చు. అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇళ్ళ రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగు అయితే తడిపి రుద్దించి, రాలిన పొడిని తడి గుడ్డతో ఎత్తివేయాలి.

మేస్త్రీని ఎలా ఎంచుకోవాలి?

పోయిన నెల చేసిన పని చూసి మురిసిపోవద్దు. మూడేళ్ళ క్రితం రంగు వేసిన ఇల్లు చూపించమని అడగండి. ఇద్దరు ముగ్గురి లెక్క తీసుకోండి. ఎవరు తక్కువ అన్నారో కాదు, ఎవరు ఏమేమి చేస్తామన్నారో చూడండి. గీకడం, కడగడం, లప్పం, ప్రైమరు, ఎన్ని పూతలు, ఏ కంపెనీ ఏ రకం రంగు, పరంజా ఖర్చు ఎవరిది, ఎన్ని రోజులు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకొని ఇద్దరూ సంతకం చేయండి. తెలిసినవాడే, మన సంఘస్థుడే అయినా సరే రాసుకోండి. తరువాత మాట పడకుండా స్నేహాన్ని కాపాడేది ఆ కాగితమే.

గోడలను మీరూ ఒకసారి కొలవండి. మంచి ఎమల్షన్ లీటరుకు రెండు పూతల మీద సుమారు 50 చదరపు అడుగులు వస్తుంది. వెయ్యి చదరపు అడుగుల గోడకు 20 లీటర్ల బకెట్టు ఒకటి. పది లీటర్లతోనే పని ముగిసిందంటే నీళ్ళు ఎక్కువయ్యాయో, ఒక పూత తగ్గిందో తెలిసిపోతుంది. డబ్బాలు మీ ఎదుటే తెరిపించండి. నీళ్ళు డబ్బా మీద రాసినంతే కలపమనండి. కొన్ని కంపెనీలు పెయింటర్ల కోసం డబ్బాలో టోకెన్లు పెడతాయి. మేస్త్రీ ఒకే కంపెనీ పేరు పట్టుబట్టి చెబితే ఆ సంగతి కూడా మనసులో పెట్టుకోండి. టోకెన్ అతనికే ఇవ్వండి, రంగు మాత్రం మీరు ఎంచుకోండి.

ఎక్కేవాని ప్రాణం

మిద్దె కట్టినప్పుడు ఎవరూ పడిపోకుండా పిట్టగోడ కట్టమని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. మన ఇంటి మీదికి ఎక్కేవాని ప్రాణానికి ఇంటి యజమానే బాధ్యుడని దాని భావం. గట్టి పరంజా, నడుముకు తాడు లేకుండా మేడ గోడకు ఎవరినీ ఎక్కనివ్వకండి. గోడ పక్కన కరెంటు తీగ ఉంటే విద్యుత్తు సంస్థ వారికి ముందే చెప్పి సరఫరా ఆపించండి. ఇనుప నిచ్చెన తీగకు తగలడానికి ఒక్క క్షణం చాలు. బేరమాడి మనం తగ్గించిన డబ్బు ఆ తాడులోనో, మూడవ పూతలోనో తగ్గుతుంది.

సొమ్ము మూడు భాగాలుగా ఇవ్వండి. సామానుకు కొంత, ప్రైమరు అయ్యాక కొంత, పని ముగిశాక మిగిలినది. మేస్త్రీతో లెక్క తేలకపోయినా కూలివాని ఆనాటి కూలి మాత్రం సాయంత్రానికి అతని చేతిలో పడాలి. అతని ఇంట్లో కూడా పొయ్యి వెలగాలి.

ఈ డిసెంబరులో మీ బయటి గోడ పాతగా కనిపిస్తే సిగ్గుపడనవసరం లేదు. బూజు దులిపి, నాచు కడిగి, గుమ్మం తుడిచి, లోపలి గదికి ఒక పూత వేసుకొని నక్షత్రం వేలాడదీయండి. అతిథులు వచ్చేది గోడను చూడడానికి కాదు. ఫిబ్రవరిలో ఆరిన గోడకు అప్పు లేకుండా వేయించిన రంగు, వచ్చే క్రిస్మసు నాటికీ, ఆ తరువాత ఎన్నో క్రిస్మసులకూ నిలుస్తుంది.